బూడిద కడిగిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఎండకాలం మా ఇల్లు కాలిపోయింది. ఈ మాట చెప్పినప్పుడల్లా మా మనుమరాలు మంటల గురించే అడుగుతుంది. ఎంత ఎత్తు లేచాయి, నువ్వు ఏడ్చావా, ఎవరు ఆర్పారు అని. నిజం చెప్పాలంటే ఆ మంటలు నాకు అంతగా గుర్తు లేవు. ఆ తర్వాత కొన్నాళ్లకు కృష్ణ ఒడ్డున మా ఇంటి బూడిదను కడిగిన రోజు మాత్రం, పొద్దున బండి కట్టిన దగ్గర నుంచి నిన్న మొన్న జరిగినట్టే ఉంటుంది.

మా ఊరు ఆత్మకూరు దిక్కు, నదికి కొంచెం ఎడంగా ఉండేది. ఇప్పుడు జిల్లాలు మారాయి, నది మీద డ్యాం వచ్చింది, మేము బూడిద కడిగిన మడుగు నీళ్ల అడుగున ఎక్కడో ఉంది. అప్పట్లో ఎండలు ముదిరితే నది సన్నబడి బండల మధ్య మడుగులు మడుగులుగా నిలిచేది. మా చేన్లు మాత్రం వానను నమ్ముకున్నవే. నది కంటికి కనపడుతున్నా దాని నీళ్లు మా పొలానికి ఎక్కేవి కావు. జొన్న, కంది, ఆముదం వేసేవాళ్లం. వాన పడితే పంట, పడకపోతే పస్తు.

ఇంట్లో మా అవ్వ, అమ్మ నాయిన, చిన్నాయిన, చిన్నమ్మ, నేను, పాలు తాగే మా తమ్ముడు. అవ్వ అంటే మా నాయిన తల్లి. ఇంటి పెత్తనం ఆమెది. చిన్నాయిన ఆ ఏడు దూరాన ఎక్కడో ఇంకో డ్యాం పనికి పోయాడు. పెళ్లయి ఇంకా ఏడాది నిండని చిన్నమ్మ మా దగ్గరే ఉండేది. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. నాకు జడ వేసేటప్పుడు మాత్రం వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పేది. అమ్మకు తమ్ముడితోనే సరిపోయేది కాబట్టి నాకు స్నానం, జడ, పక్కన పడుకోబెట్టుకోవడం అన్నీ చిన్నమ్మే. ఇంట్లో ఆమె మనిషిని నేనే అనుకునేదాన్ని.

మా అవ్వకు పుట్టింటి నుంచి వచ్చిన బంగారం కొంత ఉండేది. గుండ్ల దండ, కమ్మలు, మెడలో వేసుకునే నాను ఒకటి. వాటిని ఆమె పెట్టుకోగా నేను చూడలేదు. అటక మీద సందుగ అనే కట్టె పెట్టెలో, పాత చీరలో చుట్టి దాచేది. ఒంటికి పెట్టుకునే బంగారం కాదది, కరువు వచ్చినప్పుడు కుదువ పెట్టి తినే బంగారం. ఆ ఏడు మా జత ఎద్దుల్లో ఒకటి రోగం వచ్చి చచ్చిపోయింది. వానలకు ముందే ఇంకొక ఎద్దును తేవాలంటే ఆ సందుగ తప్ప వేరే దారి లేదని నాయిన, అవ్వ మాట్లాడుకోవడం నేను విన్నాను.

ఇల్లు అంటుకున్న రోజు పెద్దవాళ్లు ఇంట్లో లేరు. అమ్మ నాయిన చింతకాయ రాల్చడానికి పోయారు. అవ్వ ఎవరింటికో పోయింది. మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. పొయ్యిలోని నిప్పురవ్వ ఎగిరి చూరు గడ్డికి అంటుకుంది. చిన్నమ్మ తమ్ముణ్ని చంకన వేసుకొని, నన్ను రెక్క పట్టుకొని ఈడ్చి, వాకిలికి దూరంగా వేప చెట్టు కింద వదిలి మళ్లీ లోపలికి ఉరికింది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో విత్తనపు జొన్నల కుండ ఉంది. కొంగు కాలుతోంది. కొంగు నలిపేసుకొని మూడోసారి పోబోయేసరికి అటక కూలిపోయింది. తర్వాత ఊరంతా ఉరికొచ్చి కుండలతో నీళ్లు పోశారు. వాసాలను కొక్కేలతో ఇటొకటి అటొకటి గుంజి పడేశారు. సాయంత్రానికి మొండి గోడలు, వాటి మధ్య బూడిద మిగిలాయి. మేము పశువుల కొట్టంలోకి మారాం.

పిల్లలు దక్కారని ఆ రాత్రి అందరూ చిన్నమ్మను మెచ్చుకున్నారు. తెల్లారిన తర్వాత నాయిన, అవ్వ అటక ఉన్న జాగాలో బూడిద వెతికారు. సందుగ గొళ్లెం దొరికింది, మూత బందులు దొరికాయి, బంగారం దొరకలేదు. చేతులతో కెలికారు, చాటతో చెరిగారు, పొద్దు గూకే దాకా వెతికారు. ఏమీ లేదు.

అప్పటి నుంచి మాటలు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మా వాడకట్టులో ఒక ముసలామె ఉండేది. అందరి ఇళ్ల సంగతులూ ఆమెకు కావాలి. ఆమె అవ్వ పక్కన కూర్చొని అంటుంటే నేను విన్నాను.

"విత్తనాల కుండ మోసేటంత తీరిక ఉన్నప్పుడు సందుగ మొయ్యరాదానె? మొన్ననే గద వాళ్ల అన్న వచ్చి మూట కట్టుకొని పోయిండు. గా మూటల ఏమున్నదో ఎవరు చూసిండ్రు?"

ఆ మూటలో ఉన్నది చింతపండు. నా చేతులతో నేనే మూట పట్టుకుంటే చిన్నమ్మ అందులో నింపింది. ఆ మాట చెప్పబోతే "పెద్దోళ్ల మాటల్ల నీకేం పని" అని నన్ను లేపి పంపారు. అవ్వ అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు నుంచి చిన్నమ్మ పెట్టిన అన్నాన్ని మాత్రం తలెత్తకుండా తినేది. మాట గుసగుసగా ఊరంతా తిరిగింది. శనివారం నాడు గుడిలో చిన్నమ్మ చేత దీపం ఆర్పించి ప్రమాణం చేయించాలని కూడా ఎవరో అన్నారు. గుడిలో ప్రమాణానికి నిలబెడితే, అది నిజమైనా అబద్ధమైనా ఆడపిల్ల పేరు ఇక పోయినట్టే.

చిన్నమ్మ తిండి మానేసింది. ఒక మధ్యాహ్నం కొట్టం వెనక ఆమె తన చీరను మడిచి చిన్న మూట కట్టుకుంటూ కనపడింది. ఎక్కడికని అడిగితే "మా ఊరికి పోతా బిడ్డా" అంది. నేను కూడా వస్తానని ఆ మూట మీద కూర్చున్నాను. ఆమె నన్ను లేపలేదు. నా పక్కనే కూలబడి నా జడ విప్పి మళ్లీ వేసింది.

ఆ రోజే మా నాయిన ఆత్మకూరు పోయాడు. ఎందుకు పోయాడో నాకు ఎన్నో ఏండ్ల తర్వాత ఆయనే చెప్పాడు. ఆ నగలు చేసిన అవుసలాయన దగ్గరికి, ఈ గుండ్లు ఎవరైనా అమ్మడానికి తెచ్చారా అని అడగడానికి పోయాడట. అంటే ఆయన మనసులోకి కూడా ఆ మాట ఎక్కిందన్న మాట. అవుసలాయన అంతా విని, దానికి జవాబు చెప్పకుండా "ముందుగాల బూడిద ఏం చేసినవ్?" అని అడిగాడట. గోడ పక్కన కుప్ప పోశామని, నాలుగు చినుకులు పడితే చేనుకు తోలుతామని నాయిన చెప్పాడు. "తోలకు. బంగారం కాలి బూడిద కాదు. కరిగితది, చితుకుతది, ముక్కలైతది, గని యాడికీ పోదు. కండ్లకు దొరకది, నీళ్లకు దొరుకుతది," అన్నాడట ఆయన. వాళ్ల వీధిలో దుమ్ము కడిగే ఒక పెద్దమ్మను పిలిచి నాయినతో పంపాడు.

అవుసలవాళ్ల కొట్ల ముందు మట్టిని, మోరీల్లో ఒండును ఊడ్చి, కడిగి, ఆకురాయి నుంచి రాలిన బంగారపు పొడిని తీసుకొని బతికేవాళ్లు అప్పట్లో ఉండేవాళ్లు. ఆ పెద్దమ్మ అలాంటి మనిషి. పొట్టిగా, ఎండిన కట్టెలా ఉండేది. చెవి పోగులు తప్ప ఒంటి మీద ఇంకేమీ లేవు. వచ్చీ రాగానే మంచినీళ్లు తాగి ఇంటి చుట్టూ తిరిగింది. వాసాలను ఏ దిక్కుకు గుంజారు, పోసిన నీళ్లు ఎటు పారాయి, బూడిద ఎవరు ఎత్తారు, ఏ తట్టతో ఎత్తారు అని అడిగింది. అటక గోడ మీదికి ఒరిగి కూలిందని, సందుగ పగిలి అందులోవి గోడ అవతలి అర్రలోకి చెదిరి ఉంటాయని అంది. "ఒక్క చేటెడు బూడిద గూడ బయటికి పోనియ్యకుండ్రి," అని చెప్పి కొట్టంలో నా పక్కన కూర్చుంది.

రాత్రి అన్నాల దగ్గర అందరూ ఉన్నారు, చిన్నమ్మ లేదు. పెద్దమ్మ నా చెవిలో మెల్లగా అడిగింది. "గా పిల్ల ఎందుకు అన్నం తింటలేదు బిడ్డా?" నన్ను అప్పటి దాకా ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేసరికి చింతపండు మూట నుంచి చీర మూట దాకా అంతా చెప్పేశాను. ఆమె తల ఊపి అన్నం తింది.

మరునాడు పొద్దున్నే పక్కింటివాళ్ల ఎద్దును మా ఎద్దుకు జతచేసి బండి కట్టారు. కుప్ప పోసిన బూడిదనూ, అవతలి అర్రలో మిగిలినదాన్నీ వేరువేరుగా గోనె సంచుల్లో నింపారు. నాయిన, అవ్వ, పెద్దమ్మ, నేను బయల్దేరాం. బండి కదిలే ముందు పెద్దమ్మ తన కుడి మణికట్టు పట్టుకొని మొఖం వంకర పెట్టింది.

"మొన్న కాలు జారి పడ్డ అక్కా. చెయ్యి తిరుగుతలేదు. తట్ట తిప్పనీకె ఒక మనిషి కావాలె. తొందరపడని చెయ్యి కావాలె. మీ చిన్నకోడల్ని తోల్కరా," అంది అవ్వతో.

అవ్వ నాయిన వైపు చూసింది. నాయిన తాను తిప్పుతానన్నాడు. "నీ చెయ్యి నాగలి పట్టే చెయ్యి కొడుకా. గది బలం చూపిస్తది. దీనికి బలం వద్దు," అని పెద్దమ్మ బండి దిగి, కొట్టం వెనకకు పోయి చిన్నమ్మను చేయి పట్టుకొని తీసుకొచ్చింది. చిన్నమ్మ బండి వెనక చివర కాళ్లు వేలాడేసుకొని కూర్చుంది.

మడుగు దగ్గర బండల నీడలో పని మొదలైంది. పెద్దమ్మ ఒక పలకను ఏటవాలుగా రాళ్ల మీద పెట్టించింది. దాని మీద మా పాత గొంగడిని పరిచింది. అది కూడా మంటల్లో ఒక పక్క కాలినదే. బూడిదను నీళ్లలో కలిపి పలుచగా పై నుంచి పోస్తుంటే నల్లనీళ్లు గొంగడి మీదుగా జారి కిందికి పోయేవి. తేలికైనది నీళ్లతో పోతుందని, బరువైనది ఉన్ని వెంట్రుకల సందుల్లో ఆగుతుందని ఆమె చెప్పింది. కొంతసేపటికి గొంగడిని తీసి గంగాళంలో ఝాడించి, అడుగున చేరిన ఇసుకను చెక్కతట్టలో వేయాలి. ఆ తట్ట నడుమ లోతుగా, అంచులకు పలుచగా ఉండేది. దాన్ని నీళ్లలో సగం ముంచి, అటూ ఇటూ ఊపుతూ, కొంచెం కొంచెంగా వంచుతూ ఉండాలి. ఇసుక అంచు దాటి పోతుంది, బరువు నడుమ మిగులుతుంది.

తట్టను చిన్నమ్మ చేతుల్లో పెట్టింది పెద్దమ్మ. వెనక నిలబడి తన ఎడమచేత్తో ఆమె మోచేతిని నడిపించింది. "తొందరపడితివా, బంగారం గూడ బూడిదెంట పోతది. భయపడి ఊరుకుంటివా, బూడిద బంగారంతోనే ఉంటది. నీళ్లను వాటి పని చెయ్యనియ్యి. నువ్వు జర వంచుతనే ఉండు."

నాయిన బండ మీద కూర్చొని చిన్నమ్మ చేతుల నుంచి చూపు తిప్పకుండా చూస్తున్నాడు. ఆ చూపు నేర్చుకునే చూపు కాదని పిల్లనైన నాకే తెలిసింది. పెద్దమ్మకు తెలియకుండా ఉంటుందా? ఆమె తన సంచిలోంచి ఆవగింజ కన్నా కొంచెం పెద్దగా ఉన్న సీసం గుండ్లు తీసి అవ్వ చేతిలో పోసింది.

"అక్కా, గీ గుండ్లల నీకు ఇష్టమొచ్చినన్ని బూడిదల కలుపు. ఎన్ని కలిపినవో మాకెవ్వరికీ చెప్పకు. మీ కోడలు కడుగుతది. అన్నీ వస్తే చేతుల తప్పు లేదని తెలుసుకో. ఒక్కటి తక్కువైనా బండి కట్టుకొని పోదాం."

అవ్వ మొఖం ఎర్రబడింది. పెద్దమ్మ చేతుల నైపుణ్యం గురించే మాట్లాడినట్టు మాట్లాడింది గానీ, అసలు మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలిసింది. అయినా అవ్వ అటు తిరిగి కొన్ని గుండ్లను బూడిదలో కలిపింది. చిన్నమ్మ కడిగింది. మొదట ఆమె తట్టను బిగబట్టి పట్టుకుంది. నల్లటి నీళ్లు పోయి, బూడిద రంగు నీళ్లు పోయి, చివరికి తట్ట నడుమ సీసం గుండ్లు ఒకదాన్నొకటి ఆనుకొని మిగిలాయి. అవ్వ వాటిని ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకుంది. చూసింది, మళ్లీ చూసింది. "సరిపోయినయ్," అంది. ఎవరి వైపూ చూడకుండానే అంది.

తర్వాత కాసేపటికి తట్టలో తెల్లగా మెరిసే బొట్లు కనపడ్డాయి. అవ్వ వెండి అనుకొని వంగింది. పెద్దమ్మ నవ్వింది. "గది కళాయి అక్కా. మీ ఇత్తడి గిన్నెలకు పూసిన తగరం కరిగి చుక్కలైంది. ఇసుక కన్నా బరువు గద, అందుకని ఆగింది. బంగారం దీని కన్నా మస్తు బరువు. ఇదే ఆగిందంటే అది యాడికి పోతది?" ఇల్లు కాలిన తర్వాత అవ్వ చిన్నగా నవ్వడం అదే మొదటిసారి. ఎందుకు నవ్విందో కూడా తెలుసు నాకు. ఆ గిన్నెలకు కళాయి సరిగా పూయలేదని కళాయి వేసే సాయబుతో ఆమె పెద్ద కొట్లాటే పెట్టుకుంది. తట్టలో చూస్తే అది దండిగానే ఉంది.

ఎండ ఎక్కింది. పెద్దమ్మ పని ఆగకుండా కబుర్లు చెబుతూనే ఉంది. వాళ్ల ముత్తాతలు వరదలు తీసిన తర్వాత ఈ నది ఇసుకనే కడిగేవాళ్లట. నది మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనక వెతికేవాళ్లట. వడిగా పారినంతసేపు నది అన్నిటినీ మోసుకుపోతుందని, ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ బరువైన వాటిని దించుతుందని చెప్పింది. నీళ్లు లోతుగా ఉన్నచోట బుట్టలాంటి పుట్టిలో పోయి, పొడుగాటి గడకు ఇనుప మూతి ఉన్న తోలుసంచి కట్టి, అడుగు ఇసుకను గీరి పైకి లాగేవాళ్లట. రోజంతా లాగి కడిగితే గోటి మీద నిలిచేంత వచ్చేదట. "మరి ఎందుకు కడిగేటోళ్లు?" అని నేను అడిగితే, "నది అబద్ధమాడదు బిడ్డా, ఎంతుంటే అంత ఇస్తది," అంది. అదెంత నిజమో నాకు తెలియదు గానీ, ఆమె మాటలకు చిన్నమ్మ చేతుల బిగువు సడలడం మాత్రం చూశాను.

మధ్యాహ్నం దాటింది. సంచులు సగం ఖాళీ అయ్యాయి. కళాయి చుక్కలు, మేకులు, కరిగిన ఇత్తడి ముద్దలు దొరికాయి. పసుపు రంగు మాత్రం ఎక్కడా లేదు. నాయిన లేచి ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలను దులిపాడు.

"ఇంగ చాలు తీయవే అమ్మా. ఉంటే ఇప్పటికే కనపడకపోవునా? పోదాం," అన్నాడు.

అవ్వ కూడా లేవబోయింది. అప్పుడు చిన్నమ్మ మాట్లాడింది. ఇల్లు కాలిన తర్వాత నలుగురిలో ఆమె గొంతు విన్నది అప్పుడే.

"ఉన్న బూడిదంత కడిగినంకనే పోదాం బావా. అప్పటికీ దొరకకపోతే నేను మా ఊరికే పోత. సగం కడిగి మాత్రం నేను లేవ."

ఆమె తల ఎత్తలేదు, తట్ట ఆపలేదు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నాయిన తువ్వాలను మళ్లీ తలకు చుట్టుకొని, ఒక సంచిని తనే ఎత్తుకొచ్చి గొంగడి పై అంచున పోయడం మొదలుపెట్టాడు. నేను చెంబుతో నీళ్లు అందించాను. అవ్వ చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగి గొంగడిని పట్టుకుంది.

పొద్దు వాలే వేళకు దొరికింది. ఎవరూ అరవలేదు. చిన్నమ్మ ఊపుతున్న తట్ట ఒక్కసారి ఆగింది, అంతే. నల్ల ఇసుక అంచున చిన్న గుండు, ఒక పక్క చితికి, లోపలి లక్క కాలిపోయి, డొల్లగా ఉంది. దాని వెనక ఇంకొకటి, కరిగి కందిగింజలా ముడుచుకుపోయింది. అవ్వ వంగి చూసింది. "నావే," అంది.

అక్కడి నుంచి ఒకటొకటిగా వచ్చాయి. నాను తీగ ముక్కలు, కమ్మ సగం, చుక్కలు చుక్కలుగా కరిగినవి. అవి అవతలి అర్రలో ఎత్తిన సంచుల్లోనే ఉన్నాయి, పెద్దమ్మ మొదటి రోజే చెప్పినట్టు. అంతా దొరకలేదు. కొంత నీళ్లు పోసిన నాడే మోరీలోకి పోయిందో, మా కాళ్ల కింద తొక్కుడు పడి పోయిందో. ఎద్దుకు సరిపడా దొరికింది.

చిన్నమ్మ తట్టను ఒడ్డున పెట్టి, చేతులు కడుక్కోకుండానే బండకు ఆనుకొని కూర్చుంది. అవ్వ తన తడి కొంగుతో ఆమె మొఖం మీది బూడిదను తుడవబోయింది. చిన్నమ్మ అడ్డు చెప్పలేదు.

"నేను నోరు తెరిచి ఒక్క మాట అనలే బిడ్డా," అంది అవ్వ.

"అనలేదత్తా. అడగను గూడ అడగలే," అంది చిన్నమ్మ. "ఒక్కసారి నన్ను కూసోబెట్టి అడిగితే చెప్తుంటి. అటకకు మంట అందుకుంది, నాకు అందింది విత్తనాల కుండ. వానలు పడితే చేన్ల బంగారం చల్లుతమా అనుకొని అదే పట్టుకొస్తి. మా అన్న మూటల చింతపండు ఉండె. గింతే అత్తా. అడిగితే గింతనే చెప్తుంటి."

అవ్వ చేయి ఆమె చెంప మీదే ఆగిపోయింది. నాయిన ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత అవ్వ ఆమె పక్కన అదే తడి ఇసుకలో కూర్చొని, పొద్దున కట్టుకొచ్చిన జొన్నరొట్టె విప్పి, తుంచి, చిన్నమ్మ నోటికి అందించింది. చిన్నమ్మ ఏడుస్తూనే తింది.

పెద్దమ్మ కూలి ఏమీ అడగలేదు. కళాయి చుక్కలు, ఇత్తడి ముద్దలు, ఆ కాలిన గొంగడి ఇస్తే చాలంది. గొంగడి ఎందుకని నేను అడిగితే దాచకుండా చెప్పింది. ఎంత ఝాడించినా ఉన్నిలో పొడి కొంచెం మిగులుతుందట. ఇంటికి పోయి దాన్ని కాల్చి మళ్లీ కడుక్కుంటుందట. మరునాడు ఆమెను పంపేటప్పుడు అవ్వ కొట్టంలో దాచిన జొన్నలు ఒక సంచి కూడా మా బండిలో వేయించింది. నది నుంచి ఊళ్లోకి తిరిగి వచ్చేటప్పుడు అవ్వ చిన్నమ్మను బండి ముందు భాగంలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. మా వాడకట్టు ముసలామె వాకిట్లో నిలబడి ఉంటే బండి ఆపించి, కొంగుముడి విప్పి ఆ చితికిన గుండ్లను చూపించింది. "మా చిన్నకోడలు కడిగి తీసింది," అని మాత్రం చెప్పి బండి పోనిమ్మంది. శనివారం ప్రమాణం మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు.

వానలు ఆలస్యంగానే పడ్డాయి, అయినా పడ్డాయి. కొత్త ఎద్దు వచ్చింది. చిన్నమ్మ తెచ్చిన విత్తనమే చల్లాం. చిన్నాయిన దసరాకు వచ్చినప్పుడు ఆ సంగతి అవ్వే కూర్చోబెట్టి చెప్పింది. తన తప్పును కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఏమన్నాడో నేను వినలేదు. తర్వాత చాలా ఏండ్లు చిన్నమ్మ ఆ ఇంట్లోనే ఉంది, అవ్వ పోయిన తర్వాత పెత్తనం కూడా చేసింది. అవ్వతో ఆమె మునుపటిలాగే ఉండేదని చెప్పను. పని అంతా చేసేది, మర్యాద తప్పేది కాదు, కానీ తన పుట్టింటివాళ్లు వచ్చి పోయేటప్పుడు మాత్రం వాళ్ల మూటను నడి వాకిట్లో, అందరి ముందూ విప్పి, మళ్లీ కట్టి ఇచ్చేది. అవ్వ వద్దని ఎన్నిసార్లు బతిమాలినా మానలేదు. కడిగితే దొరికేది బంగారమే. మనిషి మనసులో ఒకసారి పడినదాన్ని అంత తేలికగా కడగలేమని ఆ మూట విప్పినప్పుడల్లా నాకు అనిపించేది.

బూడిద కడిగిన కొన్నాళ్లకు నాయినతో ఆత్మకూరు పోయాను. అవుసలవాళ్ల వీధిలో మోరీ పక్కన పెద్దమ్మ కూర్చొని ఉంది. ఒండు నింపిన తట్టను కుడిచేత్తో గిరగిరా తిప్పుతోంది. పడిన చేయి అంత తొందరగా బాగైందా అని అడిగాను. ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వింది. "నేను ఎప్పుడు పడ్డ బిడ్డా?" అంది. నాకు అర్థం కావడానికి వీధి చివర దాకా పట్టింది. అర్థమైన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆమె మళ్లీ పనిలో పడిపోయింది. నొప్పి అబద్ధం. ఆ బంగారం ఆమె చేతుల్లోనే బయటపడి ఉంటే అవ్వకు బంగారం దక్కేది. చిన్నమ్మకు మాత్రం తన చేతులతో తానే తీసి అవ్వ ముందు పెట్టడం కావాలి. అది ఇవ్వడానికి పెద్దమ్మ తన చేయి బెణికినట్టు నటించింది. ఎవరికీ చెప్పుకోలేదు, మెప్పు అడగలేదు.

నా పెళ్లయింది, పిల్లలయ్యారు, ఇప్పుడు వనపర్తిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంత బతుకులో ఎన్నో పోయాయి, ఎన్నో దొరికాయి. ఏది కనపడకపోయినా నా నోటికి ముందు మనిషి పేరు రాకుండా చూసుకోవడం ఆ రోజు నుంచి అలవాటైంది. అడగాల్సింది ఉంటే ఆ మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకొని అడుగుతాను. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింటాను.

పోయిన ఏడు మా కోడలి ఉంగరం కనపడలేదు. ఇంట్లో పని చేసే పిల్ల మీద అనుమానం అని కోడలు అంది. నేను ఆ పిల్లను కూర్చోబెట్టి, "ఉంగరం పోయింది బిడ్డా, నువ్వు చూసినవా?" అని అడిగాను. "చూడలేదవ్వా," అంది. నేను సరే అన్నాను. ఇల్లంతా వెతికాం, ఎక్కడా లేదు. ఆ ఉంగరం ఇప్పటి దాకా దొరకలేదు. ఆ పిల్ల ఇప్పటికీ మా ఇంట్లోనే పని చేస్తోంది. పొద్దున ఆమె రాగానే చాయ్ నేనే పోసిస్తాను.